ఫినిషింగ్ తాపీ: ఏది కొనాలి, ఎలా పట్టాలి, ఎక్కడ ఆపాలి?

ఈ ఎపిసోడ్ ఫోన్ రివ్యూ కాదు, కోడింగ్ కూడా కాదు. గోడ గురించి. ఇంకా కరెక్టుగా చెప్పాలంటే గోడ మీద చివరి రెండు మిల్లీమీటర్ల గురించి.

మా గుడుపల్లె, కుప్పం పక్క నుంచి తెల్లారకముందే రైలెక్కి బెంగళూరుకు బిల్డింగ్ పనికి పోయేవాళ్లు చానా మంది. మన ఛానెల్ చూసేవాళ్లలో హెల్పర్‌గా పని చేస్తున్న తమ్ముళ్లు ఉన్నారు. ఇంట్లో సొంతిల్లు కడతా ఉంటే సైట్ చూసుకునే బాధ్యత నెత్తిన పడిన డిగ్రీ పిల్లలు కూడా ఉన్నారు. ఇద్దరి దగ్గర్నుంచీ ఒకటే మెసేజ్: "అన్నా, రీల్‌లో ఒకాయన స్టీల్ తాపీతో అట్లా ఒక్క లాగు లాగితే గోడ అద్దం మాదిరి మెరిసింది. ఆ తాపీ ఏది? లింక్ పెట్టన్నా."

లింక్ పెట్టడం ఒక నిమిషం పని. కానీ ఆ తాపీ కొన్నంత మాత్రాన ఆ గోడ రాదు. పైగా ఆ రీల్‌లో చేసినట్టే మన సిమెంట్ గోడ మీద చేస్తే, కొన్నాళ్లకు సాలెగూడు మాదిరి సన్నటి పగుళ్లు రావచ్చు. పైన పట్టిన లప్పం పొలుసులుగా రాలొచ్చు. ఇల్లంటే కోడ్ కాదు, డెప్లాయ్ చేసినాక రోల్‌బ్యాక్ లేదు. చెక్కి తీసి మళ్లీ పూయాలి. ఆ ఖర్చు అప్పు చేసి ఇల్లు కట్టుకున్న మీ నాన్న మీద పడుతుంది, లేకుంటే కూలి కోత రూపంలో మీ మీద పడుతుంది. అందుకే ముందు విషయం అర్థం చేసుకుందాం, తర్వాత షాపుకు పోదాం.

రీల్‌లో గోడ వేరు, మన గోడ వేరు

ఇన్‌స్టాలో, యూట్యూబ్‌లో కనిపించే ఆ మెరిసే గోడలు చాలావరకు బ్రిటన్ లాంటి దేశాల వీడియోలు. అక్కడ లోపలి గోడల మీద చివర్లో పూసేది జిప్సం. దాన్ని స్కిమ్ అంటారు. మందం 2 నుంచి 3 మి.మీ. అంతే. ఇసుక ఉండదు. పిండి మాదిరి మెత్తగా ఉంటుంది, గట్టిపడే కొద్దీ స్టీల్ తాపీతో నాలుగైదు సార్లు లాగితే నున్నగా వస్తుంది. దాని మీద నేరుగా పెయింట్ వేస్తారు.

మన దగ్గర మామూలుగా వేసేది ఇసుక, సిమెంట్ కలిపిన మాలు. లోపలి గోడకు 12 మి.మీ. మందం, ఇటుక ఎగుడుదిగుడుగా ఉన్న పక్క 15 మి.మీ., స్లాబు అడుగున 6 మి.మీ. అనేది మామూలు లెక్క. సిమెంట్ ప్లాస్టింగ్ ఎలా చేయాలో చెప్పే ఇండియన్ స్టాండర్డ్ ఒకటి ఉంది, ఐఎస్ 1661, 1972 నాటిది. ఇదంతా కొత్త సబ్జెక్ట్ కాదు, రాసిపెట్టిన రూల్స్ ఉన్నాయి.

ఇప్పుడు అసలు మెకానిజం చూడండి. పచ్చి మాలు మీద స్టీల్ తాపీ పెట్టి గట్టిగా, పదే పదే రుద్దితే ఏమవుతుంది? లోపలున్న నీళ్లు, సన్నటి సిమెంట్ పైకి వస్తాయి. ఇసుక లోపలే ఉండిపోతుంది. పైన సిమెంట్ ఎక్కువున్న ఒక పలచని తోలు తయారవుతుంది. ఆరేటప్పుడు సిమెంట్ ఎక్కువున్న పొర ఎక్కువగా ముడుచుకుంటుంది, ఇసుక ఎక్కువున్న లోపలి పొర తక్కువ ముడుచుకుంటుంది. పైదాన్ని కిందిది పట్టుకుని ఉంటుంది కాబట్టి పైపొరకు పగలడం తప్ప దారి లేదు. ఆ సాలెగూడు పగుళ్లు అవే. అందుకే కేంద్ర ప్రభుత్వ కట్టడాలు చూసే సీపీడబ్ల్యూడీ తన స్పెసిఫికేషన్స్‌లో అతిగా తాపీ రుద్దడం వద్దని చెప్తుంది.

ఇంకో అలవాటు ఉంది. మాలులో నీళ్లు ఎక్కువైనాయని పచ్చి గోడ మీద పొడి సిమెంట్ చల్లి రుద్దడం. అప్పటికి పని తొందరగా అయిపోతుంది. కానీ పైన చెప్పిన పలచని తోలును మనమే చేతులారా మందం చేసినట్టు. నీళ్లు ఎక్కువైతే ఆగాలి, లేకపోతే మాలు సరిగ్గా కలపాలి. చల్లొద్దు.

ముందు ఈ ప్రశ్న అడగండి

ఏ తాపీ అనేది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న: ఈ గోడ మీద తర్వాత ఏం వస్తుంది? దీనికి జవాబు వస్తే తాపీ దానంతట అదే డిసైడ్ అవుతుంది.

లప్పం పట్టి పెయింట్ వేస్తారా? అప్పుడు సిమెంట్ ప్లాస్టింగ్‌ను చెక్కతో రుద్ది, తడి స్పాంజ్‌తో తేలిగ్గా తుడిచి ఆపేయాలి. చేత్తో తడిమితే సన్నటి గరుకు తెలియాలి. ఆ గరుకే లప్పానికి పట్టు. ఇక్కడ స్టీల్ తాపీ పని సిమెంట్ మీద కాదు, తర్వాత వచ్చే లప్పం మీద.

టైల్స్ అంటిస్తారా? అయితే నునుపు అసలు వద్దు. మట్టంగా ఉండాలి, గరుకుగా ఉండాలి. బాత్‌రూమ్ గోడను అద్దంలా చేసి, తర్వాత టైల్స్ మేస్త్రీ వచ్చి దాన్నే గొడ్డలితో గాట్లు పెట్టడం మీరూ చూసే ఉంటారు. ఒక పని చేయడానికి కూలి, దాన్ని చెడగొట్టడానికి మళ్లీ కూలి.

నీళ్ల సంపు, తొట్టి లోపలా? ఇక్కడ మాత్రం స్టీల్ తాపీ కావాల్సిందే. పూత పచ్చిగా ఉన్నప్పుడే సిమెంట్ నీళ్లు పూసి, స్టీల్‌తో నొక్కి, పైపొర మూసుకుపోయేలా చేయాలి. నీళ్లు ఊరవు, పాచి పడితే కడగడం ఈజీ. సంపు లోపల ఎప్పుడూ తడి ఉంటుంది కాబట్టి ముడుచుకునే బాధ కూడా తక్కువ. అయితే తడి ఆరనివ్వకుండా త్వరగా నీళ్లు పట్టాలి.

జిప్సం ప్లాస్టింగా? అయితే రీల్‌లో చూసిన తాపీయే మీ తాపీ. వెడల్పుగా, కాస్త వంగే రేకుతో ఉండేది. జిప్సానికి క్యూరింగ్ అక్కర్లేదు. కానీ తడి తగిలే బాత్‌రూమ్‌కు, బయటి గోడకు అది పనికిరాదు.

పనిముట్లు, వాటి పేర్లు

తాపీ అంటే మన మనసులో మెదిలేది ఆకు ఆకారంలో కొస తేలిన పనిముట్టు. మా పక్క తమిళం మాట్లాడే మేస్త్రీలు కరండి అంటారు, కన్నడం వాళ్లు కరణె అంటారు. ఒకే సైట్‌లో మూడు పేర్లూ వినిపిస్తాయి. దీని పని మాలు తీయడం, గోడకు విసరడం, సందులు నింపడం. ఇది ఫినిషింగ్‌కు కాదు.

రెండోది చెక్క. పలకకు పైన పిడి ఉంటుంది. ఒక్కో ఊళ్లో ఒక్కో పేరుంది, నేను రుద్దుడు చెక్క అంటా. ఇది పైపొరను తెరుస్తుంది, కొంచెం నీరు పీల్చుకుంటుంది, ఎత్తులు కోసి పల్లాలు నింపుతుంది.

మూడోది మన ఈరోజు హీరో, ఫినిషింగ్ తాపీ. దీర్ఘచతురస్రంగా ఉండే పలచని స్టీల్ రేకు, పైన పిడి. హైదరాబాద్ పక్క గుర్మాల అనే మాట కూడా వినిపిస్తుంది. చెక్క తెరిచిన దాన్ని ఇది మూస్తుంది. ఈ ఒక్క తేడా గుర్తుంటే సగం ఎపిసోడ్ గుర్తున్నట్టే: చెక్క తెరుస్తుంది, స్టీల్ మూస్తుంది.

వీటితో పాటు అల్యూమినియం మట్టపు పట్టీ, తూకం గుండు, రసమట్టం, ఒక స్పాంజ్, ఒక బ్రష్, బకెట్ నీళ్లు. ప్లాస్టింగ్ పనిముట్లకు కూడా మన దేశంలో ఒక స్టాండర్డ్ ఉంది, ఐఎస్ 1630.

జపాన్‌లో ప్లాస్టింగ్ కళను సాకాన్ అంటారు, వాళ్ల తాపీ పేరు కోతె. మూలకు ఒకటి, అంచుకు ఒకటి, మట్టి పూతకు ఒకటి, సున్నానికి ఒకటి అని ఒక్కో మేస్త్రీ దగ్గర పెట్టెడు కోతెలు ఉంటాయి. మన పక్కనే తమిళనాడు చెట్టినాడు ఇళ్లలో సున్నం పూతకు గుడ్డు తెల్లసొన కలిపి, రాయితో నునుపు తీసేవాళ్లు. ఆ గోడలు ఇప్పటికీ మెరుస్తున్నాయి. కాబట్టి నునుపు అనేది ఒక బ్రాండ్ తాపీతో రాదు. ఏ పదార్థానికి ఏ పనిముట్టు, ఏ టైమ్‌లో అనే దాంతో వస్తుంది.

షాపులో ఏం చూడాలి

సైజు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు 11 అంగుళాల పొడవు, నాలుగున్నర అంగుళాల వెడల్పు చాలు. ఆన్‌లైన్‌లో అయితే 280 మి.మీ., 120 మి.మీ. దగ్గర్లో ఉన్నది చూడండి. చేయి తిరిగినాక పెద్ద గోడలకు 13, 14 అంగుళాలది తీసుకోవచ్చు. 16, 18 అంగుళాలవి ఒక్క లాగులో ఎక్కువ గోడ కవర్ చేస్తాయి. కానీ రేకు పొడవు పెరిగే కొద్దీ మణికట్టు మీద బరువు పెరుగుతుంది. మధ్యాహ్నానికి చెయ్యి లాగేస్తే అప్పుడు గోడ మీద గీతలు పడతాయి. స్లాబు అడుగున, కిటికీ పక్కన, మూలల్లో చిన్నదే మేలు.

రేకు మందం. 0.7 మి.మీ. దగ్గర ఉన్నది మాలు పరవడానికి, నొక్కడానికి బాగుంటుంది. 0.4, 0.5 మి.మీ. ఉన్న పలచటి రేకు వంగుతుంది, అది లప్పం, జిప్సం చివరి లాగుకు. పలచటి దానితో సిమెంట్ మాలు పరిస్తే అది గోడ ఎత్తుపల్లాల వెంబడి వంగుతూ పోతుంది, గోడను మట్టం చేయదు.

లోహం. కార్బన్ స్టీల్ అంచు బాగా అరిగి చేతికి కుదురుతుంది. కానీ తడిగా వదిలేస్తే పొద్దున్నకు తుప్పు, ఆ తుప్పు మరక తెల్ల లప్పం మీద పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ తుప్పు పట్టదు. రోజూ వాడనివాళ్లు, లప్పం పనికి వాడేవాళ్లు స్టెయిన్‌లెస్ తీసుకోండి. ఇంకో విషయం, అయస్కాంతం అంటుకుంటే స్టెయిన్‌లెస్ కాదు అనే టెస్ట్ నమ్మొద్దు. గట్టిగా ఉండే కొన్ని రకాల స్టెయిన్‌లెస్‌కు అయస్కాంతం అంటుకుంటుంది.

పిడి. తాపీని మామూలుగా పనిలో పట్టుకున్నట్టు పట్టుకోండి. వేళ్ల కణుపులు రేకుకు తగలకూడదు. గ్లవ్స్ వేసుకుంటే ఇంకాస్త సందు కావాలి. పిడి అడుగున కమ్మీ రేకు పొడవులో ఎక్కువ భాగం పోయి ఉండాలి. మధ్యలో కొంచెం మాత్రమే ఉంటే రేకు రెండు చివర్లు వంగుతాయి. రివెట్లు ఉంటే అడుగు పక్క చేత్తో తడమండి. బొడిపె తగిలితే వద్దు, అది ప్రతి లాగుకూ ఒక గీత గీస్తుంది.

రేకు నిటారు. షాపులో గాజు కౌంటర్ ఉంటే దాని మీద పెట్టి నాలుగు మూలలు నొక్కి చూడండి. మధ్యలో చాలా కొద్దిగా ఉబ్బు ఉండటం కొన్ని తాపీల్లో కావాలనే చేస్తారు, అంచులు గోడలో దిగకుండా. కానీ ఒక మూల పైకి, ఇంకో మూల కిందికి మెలి తిరిగి ఉంటే దాన్ని వదిలేయండి. మీ చేయి ఎంత మంచిదైనా అది సరి కాదు.

ఆన్‌లైన్ వాళ్లకు ఒక హెచ్చరిక. ఫోటోలో అంచుకు పళ్లు ఉంటే అది టైల్స్ గమ్ పరిచే తాపీ, ఫినిషింగ్‌ది కాదు. సెట్‌లో ఐదు అని తక్కువ ధరకు వచ్చేవి చాలావరకు లప్పం బ్లేడ్లు. ప్రపంచంలో పేరున్న కంపెనీలు ఉన్నాయి, అమెరికాలో మార్షల్‌టౌన్ 1890 నుంచి ఉంది. కానీ మొదటి తాపీకే అంత ఖర్చు అక్కర్లేదు. పైన చెప్పిన ఐదు పాయింట్లు పాసైన లోకల్ తాపీ చాలు. డబ్బులు ఒక మంచి అల్యూమినియం పట్టీ మీద పెట్టండి. ఎందుకంటే గోడను నిటారుగా చేసేది పట్టీ, తాపీ కాదు.

కొత్త తాపీని గోడ మీదికి తేవద్దు

కొత్త రేకు అంచులు, మూలలు కత్తి మాదిరి ఉంటాయి. మొదటి రోజే లప్పం మీద పెడితే గీతల మీద గీతలు. సన్నటి ఎమెరీ పేపర్ తడిపి అంచుల మీద తేలిగ్గా ఆడించండి, నాలుగు మూలలను వేలికి గుచ్చుకోనంత గుండ్రంగా చేయండి. లేకపోతే కొన్ని రోజులు కింది పొర పనికి వాడండి, దానంతట అదే అరుగుతుంది. అలా అరిగి చేతికి కుదిరిన తాపీని అనుభవమున్న మేస్త్రీ ఎవరికీ అప్పివ్వడు. అది పిసినారితనం కాదు ఫ్రెండ్స్, ఆ అంచు తయారు కావడానికి ఆయన పెట్టిన రోజులు.

గోడ మీద పని, వరుసగా

గోడ ముందు రోజే తడిపి ఉండాలి. కానీ పూత వేసేటప్పుడు నీళ్లు కారకూడదు. ఎండిన ఇటుక మాలులో నీటిని లాగేస్తుంది. మా పక్క ఎండాకాలం, గాలి రెండూ కలిస్తే ఇది ఇంకా స్పీడ్. అందుకే పొద్దున పడమటి గోడ, మధ్యాహ్నం తర్వాత తూర్పు గోడ, అంటే ఎప్పుడూ నీడ ఉన్న పక్క పని పెట్టుకోండి. పిల్లర్, ఇటుక కలిసే చోట కోళ్ల జాలీ కొట్టించడం మర్చిపోవద్దు.

ఇసుక. కుప్పం పక్క గ్రానైట్‌కు పేరు, క్రషర్ ఇసుక బాగా వాడతారు. ప్లాస్టింగ్‌కు వేరేగా సన్నటి పి-శాండ్ అడగండి. కాంక్రీట్ ఇసుక గరుకు రేణువు తాపీ కింద దొర్లి గీతలు పెడుతుంది. క్రషర్ దుమ్ము ఎక్కువుంటే మాలు ఎక్కువ నీళ్లు అడుగుతుంది, ఎక్కువ నీళ్లంటే ఎక్కువ పగుళ్లు. ఏటి ఇసుక అయితే బాటిల్ టెస్ట్ చేయండి. సగం ఇసుక, పైన నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి ఊపి మూడు గంటలు కదపకుండా పెట్టండి. పైన తేరిన మట్టి పొర ఇసుక ఎత్తులో 8 శాతం దాటితే ఆ ఇసుక కడగాలి, లేదా మార్చాలి.

మాలు నీళ్లు కలిపిన అరగంటలోపు వాడేయాలి. గట్టిపడిన మాలులో మళ్లీ నీళ్లు పోసి మెత్తగా చేస్తే చూడటానికి కొత్తది మాదిరే ఉంటుంది, బలం మాత్రం పోయి ఉంటుంది.

గోడకు అక్కడక్కడ చిన్న దిమ్మెలు పెట్టి, తూకం గుండుతో మందం ఫిక్స్ చేసి, తాపీతో మాలు విసిరి, పట్టీతో కిందినుంచి పైకి అటూ ఇటూ ఆడిస్తూ లాగాలి. తర్వాత చెక్క. గుండ్రంగా తిప్పుతూ, పల్లం ఉన్నచోట మాలు వేస్తూ రుద్దాలి.

ఇప్పుడు ఆగాలి. ఈ ఆగడమే ఫినిషింగ్‌లో అసలు విద్య. ఎంతసేపు అని గడియారం చెప్పదు. ఎండ, గాలి, ఇటుక, ఇసుక అన్నిటి మీదా ఆధారపడి ఉంటుంది. వేలు చెప్తుంది. వేలితో నొక్కితే దిగబడుతుందా, ఇంకా ఆగండి. వేలికి తడి అంటకుండా చిన్న గుర్తు మాత్రం పడుతుందా, ఇదే టైమ్. గుర్తే పడలేదా, టైమ్ దాటింది. నీళ్లు కొట్టి బలవంతంగా రుద్దొద్దు.

తాపీ కోణం. రేకును గోడకు పూర్తిగా చదునుగా ఆనిస్తే గాలి పోయి అంటుకుంటుంది, లాగితే మాలు ఊడి వస్తుంది. మరీ నిలబెడితే అంచు గీరుతుంది. మీరు ఏ దిక్కుకు లాగుతున్నారో ఆ పక్క అంచు కొంచెం లేచి ఉండాలి. మాలు పరిచేటప్పుడు రెండు వేళ్లు దూరేంత ఎత్తుతో మొదలై, రేకు మీది మాలు అయిపోయే కొద్దీ తగ్గాలి. ఫినిషింగ్ లాగుకు చిటికెన వేలు దూరేంత చాలు.

ఒత్తిడి. బలం మణికట్టుది కాదు, భుజం, నడుము నుంచి రావాలి. కాళ్లు కదపకుండా చెయ్యి చాపి అందినంత లాగితే చివర్లో కోణం మారిపోతుంది, అక్కడ అర్ధచంద్రం మాదిరి గుర్తు పడుతుంది. గోడతో పాటు మీరూ నడవండి. ప్రతి లాగు ముందు లాగును మూడో వంతు కప్పాలి. లాగు చివర తాపీని ఠక్కున పీకకుండా, విమానం లేచినట్టు మెల్లగా లేపండి.

నీళ్లు. బ్రష్‌తో చిలకరింపు చాలు. గోడ మీద నీళ్లు మెరుస్తా ఉంటే ఎక్కువైనట్టు. రెండు, మూడు సార్లు లాగినాక ఆపండి. నాలుగోసారి లాగాలని చెయ్యి దురద పెడుతుంది. వద్దు.

మరుసటి రోజు నుంచి కనీసం 7 రోజులు గోడ తడిగా ఉండాలి. ఎంత మంచి తాపీ పట్టినా, మూడో రోజే నీళ్లు ఆపేస్తే ఆ పని అంతా వృథా.

మీ జేబులో ఉన్న టూల్

రాత్రిపూట లైట్లు ఆపేసి ఫోన్ టార్చ్‌ను గోడకు ఆనించి, గోడ వెంబడి పక్కకు వేయండి. పగలు కనపడని ప్రతి బొడిపె నీడ వేసి చూపిస్తుంది. రేపు మీరు సీలింగ్ అంచుకు ఎల్ఈడీ పట్టీ పెట్టించుకుంటే వచ్చే వెలుతురు కూడా ఇట్లాంటిదే. కాబట్టి లప్పం ముందే ఈ టెస్ట్ చేసి పెన్సిల్‌తో గుర్తులు పెట్టండి. మేస్త్రీకి కంప్లైంట్ చెప్పినట్టు కాదు, "అన్నా, ఇక్కడ ఒకసారి చూస్తారా" అని గుర్తు చూపిస్తే పని సులువుగా అయిపోతుంది.

ఫోన్‌లో లెవెల్ యాప్ మాత్రం జాగ్రత్త. అది ఒక డిగ్రీ తేడా చూపలేకపోతే ఏమవుతుందో లెక్క చూడండి. 10 అడుగుల ఎత్తు గోడకు ఒక డిగ్రీ అంటే పైన 53 మి.మీ. తేడా, అంటే రెండు అంగుళాల పైన! ఫోన్‌ను నేరుగా గోడకు ఆనించొద్దు, కెమెరా బొడిపె, బటన్లు మోసం చేస్తాయి. తూకం గుండు కొన్ని వేల ఏళ్ల పాత టెక్నాలజీ, దానికి క్యాలిబ్రేషన్ అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. దాన్నే నమ్మండి.

ఒక గోడ లెక్క

పది అడుగులకు పది అడుగుల గోడ తీసుకుందాం. 100 చదరపు అడుగులు, అంటే 9.3 చదరపు మీటర్లు. ఇటుక వంకరగా కట్టి ఉంటే దాన్ని సరిచేయడానికి 12 మి.మీ. బదులు 18 మి.మీ. పూయాల్సి వస్తుంది. అదనంగా 6 మి.మీ. తడి మాలు 0.056 ఘనమీటర్లు. పొడిగా లెక్కేస్తే దానికి 1.3 రెట్లు. ఒకటికి ఐదు పాళ్లలో కలిపితే సిమెంట్ దాదాపు 17 కిలోలు. నాలుగు గోడలకు 70 కిలోలు, అంటే ఒక్క గదికే బస్తాన్నర దగ్గర. పైగా మందం పెరిగితే ఒక్కసారిగా పూయకూడదు, జారుతుంది, పగులుతుంది. కాబట్టి ఫినిషింగ్ బాగుండాలంటే చూడాల్సింది తాపీ రోజు కాదు, ఇటుక కట్టే రోజు. ఇల్లు కట్టుకునేవాళ్లు ఆ రోజు సైట్‌లో ఉండండి.

తాపీకి స్నానం, మీకు రక్షణ

పని అవ్వగానే తాపీ కడగాలి, అంచులు, పిడి సందు అన్నీ. ఎండిన సిమెంట్ ముక్క రేపటి గోడ మీద గీత. జిప్సం పనిలో అయితే ఇంకా ప్రమాదం, బకెట్‌లో, తాపీ మీద మిగిలిన పాత జిప్సం కొత్తదాన్ని త్వరగా గట్టిపరుస్తుంది. కార్బన్ స్టీల్ అయితే తుడిచి చుక్క నూనె రాయండి. రేకు మీద ఇంకేదీ పెట్టకుండా తగిలించండి.

తమ్ముళ్లూ, ఇది మాత్రం స్కిప్ చేయొద్దు. తడి సిమెంట్ ఘాటైన క్షారం, చర్మాన్ని కాలుస్తుంది. నొప్పి వెంటనే తెలియదు, సాయంత్రానికి తెలుస్తుంది. గ్లవ్స్ వేసుకోండి. కంట్లో పడితే రుద్దకుండా చాలాసేపు మంచినీళ్లతో కడిగి డాక్టర్ దగ్గరికి పోండి. లప్పం ఎమెరీ కొట్టేటప్పుడు, క్రషర్ ఇసుక జల్లించేటప్పుడు మాస్క్ తప్పనిసరి. ఊపిరితిత్తుల్లోకి పోయిన రాతి దుమ్ము మళ్లీ బయటికి రాదు.

హెల్పర్ నుంచి మేస్త్రీ దాకా

మాలు మోసే చేతికి, తాపీ పట్టే చేతికి కూలిలో తేడా మీకు తెలిసిందే. ఆ తేడా దాటాలంటే ప్రాక్టీస్ కావాలి, కానీ ఎవరూ తమ ఇంటి గోడ మీద మిమ్మల్ని ప్రాక్టీస్ చేయనివ్వరు. దీనికో దారి ఉంది. చల్లారిన సున్నం, ఇసుక కలిపిన మాలు సిమెంట్ మాదిరి గంటల్లో గట్టిపడదు. ఇంటి వెనక గోడ మీద లేకపోతే ఒక పలక మీద పూయండి, లాగండి, గీకి తీయండి, మళ్లీ కలపండి. ఒకే మాలుతో వారం నేర్చుకోవచ్చు. సున్నం కూడా కాలుస్తుంది, గ్లవ్స్ మాత్రం మర్చిపోవద్దు. ఆదివారం రెండు గంటలు చొప్పున రెండు నెలలు చేస్తే కోణం, ఒత్తిడి చేతికి వచ్చేస్తాయి. ఆ తర్వాత మేస్త్రీని బాత్‌రూమ్ టైల్స్ కింది గోడ అడగండి. అక్కడ నునుపు అక్కర్లేదు, మట్టం చాలు. మొదటి గోడకు అంతకన్నా మంచి చోటు లేదు.

పద్ధతిగా నేర్చుకోవాలంటే నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది, 1998లో హైదరాబాద్‌లో మొదలైంది, న్యాక్ అంటారు. మేస్త్రీ పనిలాంటి కోర్సులు నేర్పడమే దాని పని. ఇంకోటి, భవన నిర్మాణ కార్మికుల్లో 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, గడిచిన ఏడాదిలో కనీసం 90 రోజులు ఈ పని చేసినవాళ్లు సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోవచ్చు. బెంగళూరులో పని చేసే మనవాళ్లు చాలామంది దీన్ని వదిలేస్తారు. ఏ రాష్ట్రంలో చేశారో ఆ రోజుల లెక్క రాసి పెట్టుకోండి, ఫోన్‌లో నోట్స్ యాప్ చాలు.

సరే ఫ్రెండ్స్, ఈసారి రీల్‌లో మెరిసే గోడ కనబడితే లైక్ కొట్టండి, కానీ ఒక్క క్షణం ఆగి ఆ గోడ దేనితో చేశారో చూడండి. కామెంట్స్‌లో నాకు తాపీ లింక్ అడగొద్దు. మీ గోడ మీద తర్వాత ఏం వస్తుందో రాయండి, దానికి ఏ తాపీ కావాలో మాట్లాడుకుందాం. వచ్చే ఎపిసోడ్ లప్పం మీద. అప్పటిదాకా ఉంటా, బై.